టాగ్లియోని వేసుకున్న ఆ తెల్ల పావడా ఏ గుడ్డతో కుట్టారు?

కుట్టుమిషన్ కుమారి (విజయవాడ), ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను డ్యాన్స్ డ్రెస్సులు కుడతాను. ఇరవై రెండేళ్ల చెయ్యి. పైజామా మోడల్, చీర మోడల్, పాప నడుముకు తగ్గట్టు ఫ్యాన్ మడతలు, అన్నీ కళ్లు మూసుకుని కుట్టేస్తాను. ఇప్పుడొచ్చిన ఆర్డరు మాత్రం నిద్ర పట్టనివ్వట్లేదు.

ఒక స్కూలు వార్షికోత్సవంలో 12 మంది ఆడపిల్లలు పాతకాలపు బ్యాలే (యూరప్ వాళ్ల నాట్యం) వేస్తారట. డ్యాన్స్ టీచరమ్మ ఒక బొమ్మ పంపింది. ఫోటో కాదు, అచ్చు వేసిన బొమ్మ. భుజాలు కనపడే బిగుతు జాకెట్టు, పిక్కల సగం దాకా తెల్ల పావడా, వీపుకి బుల్లి రెక్కలు, తల చుట్టూ పూలు. కింద మారీ టాగ్లియోని అనే నర్తకి పేరు, 1832 అని ఉంది. "అచ్చం ఇలాగే ఉండాలి కుమారీ" అంది.

అలవాటు కొద్దీ క్యాన్‌క్యాన్ నెట్ వేసి ఒక శాంపిల్ కుట్టాను. తొడిగి చూస్తే పిల్ల గొడుగులో ఇరుక్కున్నట్టుంది. బొమ్మలోదేమో పొగలాగా కిందికి జారుతోంది. ఆ గుడ్డ ఏమిటి? ఎన్ని పొరలు? తెలిసినవాళ్లు చెప్పండి, ఇరవై రోజులే టైముంది.

బందరు బుల్లోడు, ఆదివారం రాత్రి 10:05

ఇంకేముందక్కా, మస్లిన్! మా మచిలీపట్నం పేరు మీదే దానికి ఆ పేరొచ్చింది. టాగ్లియోని గారు వేసుకున్నది మా ఊరి గుడ్డే అని రాసి పెట్టుకో.

ప్రభాకరం మాస్టారు (రాజమండ్రి), ఆదివారం రాత్రి 11:20

బుల్లోడూ, సగం మార్కులు వేస్తాను. గుడ్డ మస్లినే. పేరు మాత్రం మీ ఊరిది కాదు, ఇరాక్‌లోని మోసుల్ పట్టణానిది. అయితే నువ్వు సిగ్గుపడక్కర్లేదు. సుమారు రెండువేల ఏళ్ల కిందట ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ అనే పుస్తకంలో మసాలియా అనే తీరం ఉంది, అక్కడ పల్చటి నూలుబట్ట విరివిగా నేస్తారని రాశాడు. ఆ తీరం మీ మచిలీపట్నం వైపుదే. ఇక 1832 సంగతంటావా, అప్పటికి ఇంగ్లండు మిల్లుల్లో యంత్రాల మీద తీసిన మస్లిన్ యూరప్ అంతటా కుప్పలుగా దొరికేది. మన మగ్గాల మీద దెబ్బ పడిందీ ఆ రోజుల్లోనే.

కుమారి గారూ, మీ టీచరమ్మ పంపిన బొమ్మ "లా సిల్ఫీడ్" అనే బ్యాలేది. 1832 మార్చి 12న పారిస్ ఒపేరాలో మొదటిసారి ఆడారు. కూర్చినవాడు ఆవిడ తండ్రి ఫిలిప్పో టాగ్లియోని. సిల్ఫీడ్ అంటే గాలిలో తిరిగే ఒక అప్సరస లాంటిది. ఒక స్కాట్లండ్ కుర్రాడు తన పెళ్లినాడే దాని వెంట పడి, ఇటు పెళ్లీ అటు అప్సరసా రెండూ పోగొట్టుకుంటాడు. గాలిలో తేలే మనిషి కాబట్టి బట్ట కూడా బరువు లేనట్టు కనపడాలి. అంతకు ముందు దాకా వేదిక మీద రంగురంగుల గౌన్లు, జరీలు, కిరీటాలు. ఆ తర్వాత కొన్నేళ్లు ఎక్కడ చూసినా తెల్ల పావడాలే. 1841లో వచ్చిన "జిసెల్" రెండో అంకం కూడా అంతే, పెళ్లికి ముందే పోయిన ఆడపిల్లల దయ్యాలన్నీ తెలుపే.

గజ్జెలమోత (హైదరాబాద్), సోమవారం ఉదయం 7:15

మాస్టారూ, ఫిలిప్పో గారు కూతుర్ని సాధన చేయించిన తీరు చెప్పండి, మా పిల్లలకి చూపిస్తాను. రోజుకు ఆరు గంటలు! ఒక్కో భంగిమలో నిలబెట్టి వంద దాకా లెక్కపెట్టించేవాడట. అరగంట మోకాళ్లు వంచి అరమండిలో నిలబెడితేనే "కాళ్లు లాగుతున్నాయి మేడమ్" అంటారు మావాళ్లు.

ఇంకో ముక్క. కుమారి గారూ, ఆ బొమ్మలో బొటనవేళ్ల మీద నిలబడి ఉందా? అప్పటి జోళ్లలో ఇప్పటిలా ముందు గట్టి దిమ్మ ఉండేది కాదు. మెత్తటి శాటిన్ జోడు. మునివేళ్ల చుట్టూ సూదీ దారంతో రఫ్ కొట్టినట్టు గట్టిగా కుట్టుకునేవాళ్లు. నిలబెట్టేది కాలి బలమే. మీ 12 మందిని మాత్రం వేళ్ల మీద నిలబెట్టొద్దని టీచరమ్మకి చెప్పండి, ఏళ్ల తరబడి తయారీ లేకుండా చేస్తే పిల్లల పాదాలు పాడవుతాయి.

కుట్టుమిషన్ కుమారి, సోమవారం మధ్యాహ్నం 1:30

అమ్మయ్య, జోళ్లు నా ఆర్డర్లో లేవు. షాపులో "బెల్లీస్" కొనిస్తారట.

గజ్జెలమోత, సోమవారం మధ్యాహ్నం 1:42

బెల్లీస్ కూడా ఆ చెట్టు కొమ్మే. బ్యాలెరినా అనేది మన షాపుల్లో బెల్లీ అయిపోయింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాలో చెప్పులకు రేషన్ పెట్టారు, డ్యాన్సు జోళ్లకు మాత్రం లేదు. క్లేర్ మెకార్డెల్ అనే డిజైనరు కపేజియో అనే డ్యాన్సు జోళ్ల కంపెనీ వాళ్ల చేత వాటికే గట్టి అట్ట వేయించి వీధిలోకి తెచ్చింది. ఆ తర్వాత రోజ్ రెపెట్టో పారిస్‌లో సినిమా తార బ్రిజిట్ బార్డో కోసం 1956లో ఒక జత కుట్టింది. అక్కణ్ణుంచి కోఠీ దాకా నడిచొచ్చాయి.

సెయిన్ ఒడ్డున (పారిస్), సోమవారం రాత్రి 8:10

కుమారి అక్కా, నేను పారిస్‌లో ఉంటాను. మీ గొడుగు బాధ నాకు అర్థమైంది. మీరు వేసిన క్యాన్‌క్యాన్ నెట్ పేరే ఇక్కడి డ్యాన్సుది. 1830ల ప్రాంతంలో ఇక్కడి బస్తీ డ్యాన్సు హాళ్లలో పుట్టిన గంతుల ఆట అది, పావడాలు ఎగరేసి కాళ్లు చూపించే ఆట. తర్వాత మూలెన్ రూజ్ అనే నాట్యశాలలో పేరుకెక్కింది. ఆ కుచ్చుల లోపలిపావడా పేరు మీదే మీరు లెహంగా కింద వేసే గట్టి నెట్‌కి ఆ పేరు వచ్చింది. అంటే టాగ్లియోని ఏ గొడవకి దూరంగా గాలిలో తేలాలనుకుందో, మీరు ఆ గొడవని ఆవిడ పావడా కిందే పెట్టారు :)

ఇంకో గుడ్డ ఉంది, టార్లటాన్. నూలుదే, పల్చటి జల్లెడ నేత, గంజి బాగా పట్టించింది. కాలం గడిచేకొద్దీ పావడాలు పొట్టివై, గట్టివై, అడ్డంగా నిలబడడం మొదలయ్యాక దాని వాడకం పెరిగింది. డెగా అనే చిత్రకారుడి బొమ్మల్లో మోకాళ్ల దగ్గర నిలబడి ఉండేది అదే. ఆయన 1881లో చూపించిన పద్నాలుగేళ్ల పిల్ల మైనపు బొమ్మకి నిజం గుడ్డతోనే పావడా వేశాడు, జడకి నిజం రిబ్బను కట్టాడు. చూసినవాళ్లు ఇదేం శిల్పం అని తిట్టారు. పారిస్ ఓర్సే మ్యూజియంలో దాని కంచు పోత చూసినప్పుడల్లా, ఈ పావడా ఎవరు కుట్టారో అనే నా ధ్యాస.

మీకు కావలసింది టార్లటాన్ కాదు, అంతకన్నా మెత్తనిది.

లైటింగ్ శీను (విశాఖ), సోమవారం రాత్రి 9:00

గుడ్డ గురించి అందరూ చెప్తన్నారు గానీ లైటు సంగతి ఎవరూ ఎత్తట్లేదేటి? నేను ఇరవై ఏళ్లుగా నాటకాలకీ డ్యాన్సులకీ లైట్లు వేస్తన్నాను. ఆ పావడా పొగలాగా కనపడ్డానికి సగం కారణం గ్యాస్ దీపం. పారిస్ ఒపేరాలో గ్యాస్ 1822లో పెట్టారు, అల్లావుద్దీన్ కథ ఆడడానికి. అంతకు ముందు కొవ్వొత్తులు, నూనె దీపాలు. గ్యాసుకి ఒక మరతిప్పితే మొత్తం వేదిక వెలుగు తగ్గుద్ది, పెరుగుద్ది. దాంతో వెన్నెల పుట్టింది. 1831లో "రాబేర్ ల దియాబ్ల్" అనే ఒపేరాలో సన్యాసినుల దయ్యాలు సమాధుల్లోంచి లేచొచ్చే నాట్యం ఉంది, వాళ్ల పెద్ద టాగ్లియోనియే. ఆ వెన్నెల, ఆ తెలుపు కలిసి పని చేశాయి, మరుసటి ఏడు సిల్ఫీడ్‌కి అదే దారి.

కాబట్టి కుమారి గారూ, మీ పిల్లల మీద ఎదురుగా తెల్ల ఎల్‌ఈడీ కొట్టారంటే ఎంత మంచి గుడ్డయినా గోడకి వేసిన సున్నంలాగే ఉంటది. పక్క నుంచి, కొంచెం వెనక నుంచి, పసుపు కలిసిన వెలుగు తక్కువగా వెయ్యమనండి. పొరల మధ్య నీడ పడాలి. పొర మీద పొర అప్పుడు కనపడద్ది.

గజ్జెలమోత, సోమవారం రాత్రి 9:25

శీను గారి మాట నిజం. మన కూచిపూడి భాగోతంలో కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవాళ్లు, పాత్ర ప్రవేశానికి భగ్గుమని వెలుగు. ఆ ఒక్క క్షణం కోసమే తేలిక చెక్కతో చేసిన భుజకీర్తులూ కిరీటాలూ, వాటి మీద తళుకులూ. పగటి వెలుగులో దగ్గరగా చూస్తే నాసిగా ఉంటాయి, ఆ మంటలో చూస్తే దేవతే. ఆహార్యం, అంటే వేషం అలంకరణ, అనేది దీపాన్ని బట్టే పుట్టింది.

సెయిన్ ఒడ్డున, సోమవారం రాత్రి 11:50

దీపం మాట వచ్చింది కాబట్టి ఈ కథ చెప్పకుండా ఉండలేను. పిల్లల డ్రెస్సుల విషయం కనుక అసలే చెప్పాలి.

ఎమ్మా లివ్రీ. 1842లో పుట్టింది. పదహారేళ్లకే పారిస్ ఒపేరాలో సిల్ఫీడ్‌గా అడుగుపెట్టింది. ఆమెను చూడడానికి ముసలి టాగ్లియోని తనంత తానే పారిస్ వచ్చి, శిష్యురాలిగా తీసుకుని, ఆమె కోసం 1860లో "ల పాపియోఁ" అనే బ్యాలే కూర్చింది. ఒఫెన్‌బాక్ సంగీతం. కథ వింటే ఒళ్లు జలదరిస్తుంది. సీతాకోకచిలుకగా మారిన అమ్మాయి దివిటీ దగ్గరికి పోతే రెక్కలు కాలిపోతాయి.

అప్పటికే వేదికల మీద పావడాలు అంటుకుని చాలామంది పోయారు. లండన్‌లో క్లారా వెబ్‌స్టర్ 1844లో అలాగే పోయింది. అందుకని ఫ్రాన్స్‌లో 1859లో రాజాజ్ఞ వచ్చింది, వేదిక మీద బట్టలన్నీ మంటపట్టని మందునీళ్లలో ముంచాలని. ముంచితే గుడ్డ బిర్రబిగుసుకుపోయి, మాసిన రంగు తిరిగేది. లివ్రీ ఒప్పుకోలేదు. ఏం జరిగినా బాధ్యత నాదే, నా మామూలు పావడాతోనే ఆడతానని 1860లో ఒపేరా డైరెక్టరుకి ఉత్తరం రాసింది.

1862 నవంబర్ 15న రిహార్సల్. పావడా నలగకూడదని కూర్చునే ముందు పొరలు పైకెత్తి దులిపింది. ఆ గాలికి పక్కనున్న గ్యాస్ మంట సాగి అంటుకుంది. మంటలతో వేదిక మీద పరిగెత్తింది. పట్టుకుని ఆర్పేసరికి ఒళ్లంతా కాలిపోయింది. ఎనిమిది నెలలు మంచంలో నరకం చూసి 1863 జూలై 26న పోయింది. ఇరవై ఏళ్లు. ఆ రోజు వేసుకున్న బట్టల కాలిన పీలికలు ఇక్కడి ఒపేరా గ్రంథాలయ మ్యూజియంలో దాచారు.

నేను ఈ కథ మొదటిసారి విన్నప్పుడు ఆ పిల్ల మొండితనం మీద కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ రోజుల్లో ఆమెకు గుర్తింపు తెచ్చిందే ఆ గుడ్డ తేలడం. గట్టిపడిన గుడ్డతో గాలిలోకి లేస్తే గాలి కనపడదు కదా.

కుట్టుమిషన్ కుమారి, మంగళవారం ఉదయం 6:20

చదివి లేచి కూర్చున్నాను. ఎందుకంటే మా టీచరమ్మ చివర్లో పిల్లలందరి చేతికీ వెలిగించిన ప్రమిదలు ఇస్తానంది!!

పటికబెల్లం (ఖమ్మం), మంగళవారం ఉదయం 6:55

కుమారి గారూ, ముందు ఆ ప్రమిదలు ఆపించండి. బజార్లో బ్యాటరీ దీపాలు దొరుకుతాయి, అవి చాలు. నేను కెమిస్ట్రీ టీచర్‌ని. (పేరు చూసి నవ్వకండి, చిన్నప్పుడు పెట్టుకున్నది.)

రెండు రకాల ప్రమాదాలు వేరు. నూలుబట్ట అంటుకుంటే మంట వేగంగా పాకుతుంది. అదీ పల్చటి జల్లెడ నేతయితే పొరల మధ్య గాలి ఆడి ఇంకా వేగం. లివ్రీకి జరిగింది అదే. మీ నైలాన్, పాలిస్టర్ నెట్ అయితే కరిగి బొట్లు బొట్లుగా చర్మానికి అతుక్కుంటుంది. రెండింట్లో ఏది మేలని అడగొద్దు.

మందునీళ్ల సంగతి. గే లుసాక్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1821లోనే నాటకశాలల గుడ్డల కోసం ఈ పని చేశాడు. అమ్మోనియం ఫాస్ఫేట్, బోరాక్స్ లాంటి లవణాలు నూలుకు పట్టిస్తే మంట పాకడం తగ్గుతుందని చూపించాడు. మన ఇళ్లలో ఉండే పటికకీ కొంత ఆ గుణముంది. ఇప్పటికీ చెప్పే పాత లెక్క ఒకటుంది. 7 పాళ్లు బోరాక్స్, 3 పాళ్లు బోరిక్ యాసిడ్, 100 పాళ్లు గోరువెచ్చటి నీళ్లు. గుడ్డ ముంచి పిండి ఆరెయ్యాలి. నూలుకే పనిచేస్తుంది, పాలిస్టర్ నెట్‌కి పట్టదు. ఒకసారి ఉతికితే పోతుంది. ముక్క మీద పరీక్షించకుండా నమ్మొద్దు. ఇది మంటని ఆపే మంత్రం కాదు, మంట దగ్గరికి వెళ్లొచ్చని లైసెన్సూ కాదు.

కుట్టుమిషన్ కుమారి, మంగళవారం మధ్యాహ్నం 12:10

టీచరమ్మతో మాట్లాడాను. మొదట "ఏం కాదు కుమారీ, ప్రతి ఏడూ చేస్తాం" అంది. లివ్రీ కథ ఫోన్లో చదివి వినిపించాను. అటు వైపు చాలాసేపు మాట రాలేదు. బ్యాటరీ దీపాలకి ఒప్పుకుంది.

బందరు బుల్లోడు, మంగళవారం సాయంత్రం 5:30

ఇంత సీరియస్ అయిపోయింది ఏంటి చర్చ. నేనొకటి చెప్తా. రష్యాలో టాగ్లియోని జోళ్లు వేలంలో కొని, వండించి, సాస్ పోసుకుని తిన్నారంట అభిమానులు. మనవాళ్లు పాలాభిషేకాలు చేస్తే నవ్వుతారు గానీ.

ప్రభాకరం మాస్టారు, మంగళవారం సాయంత్రం 6:15

అలా చెప్పుకునే కథ ఉంది, 1842లో ఆవిడ పీటర్స్‌బర్గ్ వదిలి వెళ్లేటప్పుడు జరిగిందని. చెప్పులు తిన్న కథ పక్కన పెట్టినా ఆవిడ మోజు చిన్నది కాదు. ఇంగ్లండులో ఆవిడ పేరు మీద ఒక రకం ఓవర్‌కోటు, ఒక గుర్రపు బండి సర్వీసు ఉండేవి. పారిస్‌లో "లా సిల్ఫీడ్" పేరుతో ఏకంగా ఒక ఫ్యాషన్ పత్రికే నడిచింది. ఇళ్లలోని ఆడవాళ్లు తెల్ల మస్లిన్, నున్నగా దువ్వి మధ్య పాపిట తీసిన జుట్టు. వేదిక మీద గాలిలో తేలే వేషం, ఇంట్లో ఊపిరాడని కార్సెట్, అంటే నడుము బిగించే లోపలిజాకెట్టు. ఈ రెండూ ఒకే పత్రికలో ఎదురెదురు పేజీలు.

ఈ చర్చలోకి నేను రావాలనుకున్న అసలు విషయం ఇప్పుడు చెప్తాను. టాగ్లియోని 1830లోనే ఒక "భారతీయ" వేషం వేసింది. "ల ద్యూ ఎ లా బయదేర్" అనే దానిలో దేవదాసిగా. బయదేర్ అంటే వాళ్ల భాషలో మన దేవదాసి. వేషం ఏమిటయ్యా అంటే, అదే తెల్ల పావడా, దాని మీద నాలుగు పూసలు! పారిస్ వాళ్లు మన నర్తకి అంటే అలాగే ఉంటుందని ఊహించుకున్నారు.

ఎనిమిదేళ్లకి అసలువాళ్లే వచ్చారు. 1838 ఆగస్టులో పాండిచ్చేరి దగ్గర తిరువేందిపురం నుంచి ఐదుగురు ఆడవాళ్లు, ముగ్గురు సంగీతగాళ్లు. ఒక ఫ్రెంచి వ్యాపారి ఒప్పందం మీద ఓడెక్కించి తీసుకెళ్లాడు. పారిస్‌లో వెరైటీ థియేటర్లో ఆడారు, అక్టోబరులో లండన్‌లోని అడెల్ఫీలో. వాళ్లలో అమ్మణి అనే అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. గోతియే అనే కవి ఆమె మీద పేజీలకు పేజీలు రాశాడు. బార్ అనే శిల్పి కంచు బొమ్మ పోశాడు.

జనం చూసిందేమిటి? పావడా లేదు. రవికె, ఒంటికి అంటిన పైజామా, నడుము మీద చుట్టిన వస్త్రం, ముక్కుకి నత్తు, తలకి బంగారు బిళ్ల, కాళ్లకి గజ్జెలు. వేళ్ల మీద లేవడం లేదు, నేలని పాదంతో కొట్టడం ఉంది. కొంతమందికి నచ్చింది, కొంతమందికి ఇది నాట్యమా అనిపించింది. వాళ్ల ఊహలోని దేవదాసి కన్నా నిజం దేవదాసే వాళ్లకి తక్కువగా తోచింది!

గజ్జెలమోత, మంగళవారం రాత్రి 8:40

మాస్టారూ, ఇది చదువుతుంటే మంటెక్కింది. ఆ కాలంలో తంజావూరు సంప్రదాయంలో ఆడిన పదాలూ వర్ణాలూ చాలావరకు తెలుగే. ఒక్క పదానికి అరగంట అభినయం పట్టే విద్య అది. దాన్ని రాత్రికి మూడు ఐటమ్స్‌లా వరసగా నిలబెట్టి చూపించారు. పోనీ వాళ్లని చూశాకైనా మారారా? 1877లో పీటర్స్‌బర్గ్‌లో పెటిపా అనే నాట్యకర్త "లా బయదేర్" అనే బ్యాలే చేశాడు. మళ్లీ అదే. చివర్లో తెల్ల పావడాల అమ్మాయిలు కొండ వాలు మీంచి ఒకరి వెనక ఒకరు దిగుతారు. చూడ్డానికి కళ్లు చెదిరేంత అందం, ఒప్పుకుంటాను. దేవదాసి మాత్రం ఎక్కడా లేదు.

సెయిన్ ఒడ్డున, మంగళవారం రాత్రి 10:30

మీ కోపం అర్థమైంది మేడమ్. కానీ పెటిపా పావడాలను మనం చూసే పద్ధతి కూడా ఆలోచించాలి. అక్కడ తెలుపు నల్లమందు కల. ప్రియురాలు పోయాక హీరో మత్తులో చూసే లోకం. భారతదేశం ఆ కథకి ఒక తెర మాత్రమే. నాకు అది తప్పుగా అనిపించదు, సోమరితనంగా అనిపిస్తుంది.

గజ్జెలమోత, మంగళవారం రాత్రి 10:41

తెర మీద పేరు మాత్రం మా ఇంటి పేరు రాసుకున్నారు. సరే, ఇక్కడితో ఆపుదాం, కుమారి గారి పావడా మిగిలిపోతుంది.

కాన్‌బెర్రా కోడలు, బుధవారం తెల్లవారుజామున 4:50

ఆలస్యంగా వచ్చాను. ఇక్కడి నేషనల్ గ్యాలరీలో డయాగిలెవ్ గారి రష్యన్ బ్యాలే కంపెనీ దుస్తులు ఉన్నాయి. ఆ కంపెనీ 1909లో పారిస్‌లో మొదలై 1929లో ఆయన పోయేదాకా నడిచింది. దుస్తులు ఏళ్ల తరబడి గోదాముల్లో పడి ఉండి, 1967 నుంచి లండన్ వేలాల్లోకి వచ్చాయి. కాన్‌బెర్రా వాళ్లు 1973లో కొన్నారు. ప్రదర్శనకి పెట్టినప్పుడు మా అత్తగారిని తీసుకెళ్లాను. ఆవిడ కుట్టుపని తెలిసిన మనిషి. అద్దం దగ్గరికి వంగి చూసి "ఇదేంటే, రంగు పూసేశారు, కుట్టలేదు" అంది.

నిజమే. దూరం నుంచి రత్నాలు, జరీ అనుకున్నది దగ్గరికి వెళ్తే రంగుతో వేసిన అచ్చు, లేకపోతే అంటించిన గుడ్డముక్క. మతీస్ అంత చిత్రకారుడు 1920లో "నైటింగేల్ పాట"లో ఏడ్చేవాళ్ల వేషానికి తెల్ల ఫెల్ట్ మీద ముదురు నీలి వెల్వెట్ ముక్కలు కత్తిరించి అతికించాడు, అంతే. కాలర్ల లోపల ఇంకుతో ఆడినవాళ్ల పేర్లు. ఒకరు పోతే కొట్టేసి ఇంకొకరిది. చంకల దగ్గర చెమట మరకలు. మా అత్తగారు మొత్తం ప్రదర్శనలో ఎక్కువసేపు నిలబడింది ఆ మరకల దగ్గరే.

కుట్టుమిషన్ కుమారి, బుధవారం ఉదయం 9:15

మీ అత్తగారికి నమస్కారం చెప్పండి. నేనూ లోపల పేర్లు రాస్తాను, లాండ్రీ మార్కర్‌తో. లేకపోతే మేకప్ రూమ్‌లో తల్లులు కొట్టుకుంటారు.

బందరు బుల్లోడు, బుధవారం ఉదయం 10:00

ఆ రష్యన్ బ్యాలేనే కదా పారిస్ ఫ్యాషన్ మార్చేసింది? 1910 "షెహరజాద్" బ్యాలేలో బాక్స్ట్ అనే చిత్రకారుడు వేసిన రంగులు చూసి పువారే అనే ఫ్యాషన్ డిజైనరు కాపీ కొట్టి ఆడాళ్లకి షరాయిలు తొడిగాడంట.

ప్రభాకరం మాస్టారు, బుధవారం ఉదయం 11:35

పువారే ఉంటే నీ మీద కేసు వేసేవాడు. బాక్స్ట్ కన్నా ముందే నాకు పేరుంది అని ఆయన జీవితాంతం వాదించాడు. కార్సెట్ లేని గౌన్లు ఆయన 1906 ప్రాంతంలోనే తెచ్చాడు. షరాయిలు 1911వి. ఆ జూన్‌లో "వెయ్యిన్నొకటి" కాదు, "వెయ్యిన్ని రెండో రాత్రి" అని ఇంట్లో విందు పెట్టి, తూర్పుదేశపు వేషం వేసుకోకుండా వచ్చినవాళ్లకి అక్కడికక్కడే బట్టలు ఇచ్చి మార్చుకోమన్నాడు. నా లెక్కలో ఇద్దరూ ఒకే గాలి పీల్చారు. బాక్స్ట్ ఆకుపచ్చనీ నీలాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు, అప్పటిదాకా అది కలవని జత. ఆ తర్వాతే నగల్లో కూడా పచ్చా నీలమూ కలిశాయి.

కాన్‌బెర్రా కోడలు, బుధవారం మధ్యాహ్నం 2:20

చివరికి చక్రం ఇటు తిరిగింది. మొదట బ్యాలే చూసి వీధి మారింది, 1924 నాటికి వీధి బట్టలే వేదికెక్కాయి. "నీలి రైలు" అనే బ్యాలేకి కోకో షనెల్ అనే ఫ్యాషన్ డిజైనరు అల్లిన ఈతదుస్తులు, టెన్నిస్ గౌను. రైలు రాదు, నీలం లేదు, సముద్రపు ఒడ్డున డబ్బున్న పిల్లల ఆటలు. నర్తకి సొకొలోవా చెవికి పెద్ద ముత్యం దుద్దులు పెట్టారు. చెవులు మూసుకుపోయి సంగీతం సరిగా వినపడేది కాదట. మర్నాటి నుంచి పారిస్ అంతా అవే దుద్దులు. వినపడకపోయినా.

లైటింగ్ శీను, బుధవారం మధ్యాహ్నం 3:05

మావోళ్లకి మాటీలు బరువై మెడ తిరగదు, అదే కథ.

గజ్జెలమోత, బుధవారం రాత్రి 8:00

కుమారి గారి చేతిలోని పైజామా మోడల్ కూడా ఈ కథలోకి వస్తుంది. రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్‌లోవా 1920ల్లో రెండుసార్లు మనదేశం వచ్చింది. 1923లో లండన్‌లో మన నర్తకుడు ఉదయశంకర్‌తో "రాధాకృష్ణ" ఆడింది. రుక్మిణీదేవి అరుండేల్‌కి ఆవిడతో స్నేహం కుదిరి, కొన్నాళ్లు ఆవిడ బృందం మనిషి దగ్గర బ్యాలే పాఠాలు కూడా నేర్చుకుంది. మీ దేశపు కళ చూసుకో అన్నది పావ్‌లోవాయే. తర్వాత రుక్మిణీదేవి భరతనాట్యం నేర్చుకుని 1935లో అడయారులో ఆడింది. వెంటనే ఆహార్యం కూడా మార్చింది. అంతకు ముందు పైజామా మీద చీర చుట్టుకునేవారు, అమ్మణి వాళ్లలాగే. ఆవిడ గుడి శిల్పాలు చూసి, కొలత పెట్టి కుట్టిన డ్రెస్సు తయారు చేయించింది. మీరు కళ్లు మూసుకుని వేసే ఫ్యాన్ మడతలు ఆ దారిలో వచ్చినవే. ఇంకా చిత్రం, మన కరపత్రాల మీద కూచిపూడి నృత్యనాటకాన్ని కూడా "బ్యాలే" అనే అచ్చు వేస్తారు. దేవదాసి పేరు వాళ్లు తీసుకున్నారు, బ్యాలే పేరు మనం తీసుకున్నాం. చెల్లుకి చెల్లు.

సెయిన్ ఒడ్డున, బుధవారం రాత్రి 8:20

చెల్లు :)

కుట్టుమిషన్ కుమారి, తర్వాతి సోమవారం రాత్రి 10:15

ఇన్ని రోజులు కనపడనందుకు క్షమించండి, మిషన్ మీదే ఉన్నాను. మీరు చెప్పినవన్నీ కలిపి ఇలా తేల్చాను.

క్యాన్‌క్యాన్ పూర్తిగా తీసేశాను. వన్‌టౌన్‌లో మంచి మల్‌మల్ (మన మస్లినే) తానులు దొరికాయి, నూరు శాతం నూలు. ఒక్కో పావడాకి మూడు పొరలు, పొరకి నాలుగు మీటర్ల ఘేరు. 12 మందికి 144 మీటర్లు. అడుగు పొరకి గంజి కొంచెం ఎక్కువ, నడిమిదానికి తక్కువ, పై పొరకి అసలు లేదు. అంచు మడిచి కుట్టలేదు, మడిస్తే ఆ గీత బరువై గుడ్డ కిందికి లాగుతోంది. కత్తెరతో కోసి వదిలేశాను. దారాలు లేస్తాయి, లేవనీ, పొగ అంటే అదే కదా.

పటికబెల్లం గారి నీళ్లు ముక్క మీద చూశాను. దోమల చుట్ట అంటించి పెట్టాను. ముంచని ముక్క సర్రున పాకిపోయింది, ముంచినది నల్లబడి అక్కడే ఆగింది. గుడ్డ మాత్రం కొద్దిగా గరుకు వచ్చింది, లివ్రీ అమ్మాయి ఎందుకు వద్దందో చేతికి తెలిసింది. కాబట్టి అడుగు రెండు పొరలు ముంచి, పై పొర వదిలేశాను. మంటెలాగూ లేదు, బ్యాటరీ దీపాలే.

రెక్కలు నెమలీకలు పెట్టమంది టీచరమ్మ, నేను ఒప్పుకోలేదు.

లైటింగ్ శీను, సోమవారం రాత్రి 10:30

లైట్లు?

కుట్టుమిషన్ కుమారి, సోమవారం రాత్రి 10:38

మీ మెసేజి ఉన్నది ఉన్నట్టు లైట్ల అబ్బాయికి పంపాను. "ఎవరండీ ఈ శీను, నాకు పాఠం చెప్తున్నాడు" అన్నాడు. కానీ పక్క నుంచే వేశాడు, రిహార్సల్లో చూశాను. ఒక పాప తిరిగి ఆగాక కూడా పావడా ఇంకో అర చుట్టు తిరిగింది.

బందరు బుల్లోడు, సోమవారం రాత్రి 10:44

అక్కా, ఒక్కో డ్రెస్‌కి ఎంత తీసుకున్నావు? మా మేనకోడలికి కావాలి.

కుట్టుమిషన్ కుమారి, సోమవారం రాత్రి 10:50

విడిగా మెసేజి పెట్టు తమ్ముడూ. ఇక్కడ చెప్తే టీచరమ్మ చూస్తుంది.